చిన్న కారా, పెద్ద బండా: ఢీకొన్నప్పుడు ఏది కాపాడుతుంది?

కారు కొనే ముందు మన ఇళ్లలో మైలేజీ, ధర, రంగు అన్నీ తేలిపోయాక పెద్దవాళ్లెవరో ఒకరు చివరి మాట చెబుతారు: ‘‘హైవే మీద తిరిగేవాళ్లకు బరువున్న బండే మంచిది. చిన్న కార్లన్నీ రేకు డబ్బాలు.’’ ఈ మాటను కొట్టిపారేయలేం. అందులో భౌతికశాస్త్రం ఉంది. అయితే ఆ శాస్త్రం కొన్ని రకాల ప్రమాదాల్లోనే మన పక్షాన ఉంటుంది. మన రోడ్ల మీద తరచూ జరిగే మరికొన్ని ప్రమాదాల్లో మన బండి ఎంత బరువున్నా పెద్దగా తేడా రాదు. అందుకే కారు చిన్నదా పెద్దదా అని ఆలోచించే ముందు, అది దేన్ని ఢీకొనే అవకాశం ఎక్కువో ఆలోచించాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారులో మొదట చూడాల్సింది మనుషులు కూర్చునే క్యాబిన్ గట్టిదనం. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే జారబోతున్న బండిని దారిలో నిలబెట్టే ఏర్పాటు. ఆ తర్వాత అన్ని సీట్లకూ మూడు చోట్ల బిగించిన బెల్టులు. బరువుది నాలుగో స్థానం.

బరువు ఎక్కడ గెలుస్తుంది

900 కిలోల చిన్న కారు, 1,800 కిలోల ఎస్‌యూవీ ఎదురెదురుగా వస్తున్నాయనుకుందాం. రెండింటి వేగమూ గంటకు 60 కిలోమీటర్లు. ఢీకొని రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతే, ఆ ముద్ద మొత్తం ఎస్‌యూవీ వెళ్తున్న దిక్కులోనే గంటకు 20 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే ఎస్‌యూవీలో ఉన్నవాళ్ల వేగం 60 నుంచి 20కి పడిపోయింది, మార్పు 40. చిన్న కారులో ఉన్నవాళ్లు ముందుకు 60తో వెళ్తున్నవాళ్లు ఒక్క క్షణంలో వెనక్కి 20తో వెళ్తున్నారు, మార్పు 80. శరీరం మీద పడే దెబ్బ ఈ మార్పును బట్టే ఉంటుంది. బరువు సగమైతే మార్పు రెట్టింపు అయింది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. అమెరికాలో బీమా కంపెనీల సొమ్ముతో నడిచే ఐఐహెచ్‌ఎస్ అనే సంస్థ 2009లో మూడు చిన్న కార్లను అదే కంపెనీల మధ్యతరహా కార్లతో ఎదురెదురుగా ఢీకొట్టించింది. హోండా ఫిట్‌ను అకార్డ్‌తో, టొయోటా యారిస్‌ను క్యామ్రీతో, స్మార్ట్ ఫోర్‌టూను మెర్సిడెస్ సీ క్లాస్‌తో. ఒక్కో కారు వేగం గంటకు 64 కిలోమీటర్లు. అంతకుముందు అడ్డుగోడకు ఢీకొట్టిన పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న ఆ మూడు చిన్న కార్లూ ఇక్కడ అట్టడుగు రేటింగ్‌కు పడిపోయాయి.

షోరూముల్లో ఎవరూ చెప్పని ఒక సంగతి ఇక్కడే ఉంది. కార్లను ఢీకొట్టించి చూసి భద్రతకు సున్నా నుంచి ఐదు వరకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ అయినా, గ్లోబల్ ఎన్‌క్యాప్ అయినా, ముందు భాగం పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో నలిగే అడ్డుగోడకు ఢీకొట్టిస్తారు. తనంత బరువే ఉన్న మరో కారు ఎదురైతే ఏమవుతుందో ఆ పరీక్ష చెబుతుంది. అందువల్ల టన్ను బరువున్న కారుకు వచ్చిన ఐదు స్టార్లు, దాదాపు రెండు టన్నుల బండికి వచ్చిన ఐదు స్టార్లు ఒకటి కావు. రెండూ ఎదురుపడితే చిన్నదే ఎక్కువ దెబ్బ తింటుంది. ఇంచుమించు ఒకే బరువున్న బండ్ల మధ్యే స్టార్లను పోల్చాలి. ఇంతవరకు పెద్దవాళ్ల మాటే నిజం.

లారీ ముందు అందరూ చిన్నవాళ్లే

ఇప్పుడు అదే లెక్కను విజయవాడ హైవేకు తీసుకెళ్దాం. ఎదురుగా వస్తున్నది 30 టన్నుల సరుకు లారీ. దాని వేగం 60, మన వేగం 60. చిన్న కారులో ఉన్నవాళ్ల వేగంలో మార్పు సుమారు 116. రెట్టింపు బరువున్న ఎస్‌యూవీలో ఉన్నవాళ్లకు సుమారు 113. తేడా మూడు కిలోమీటర్లు! ఆ మూడు కిలోమీటర్ల కోసం పది లక్షలు అదనంగా పెట్టినట్టు లెక్క.

రోడ్డు పక్కన చీకట్లో ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొట్టడం మన హైవేలపై జరిగే మరో ఘోరం. ఎన్‌హెచ్ 44 అయినా, ఎన్‌హెచ్ 16 అయినా తెల్లవారుజామున జరిగే ప్రమాదాల వార్తల్లో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇక్కడ బరువు సంగతి అటుంచండి, ఎత్తు సమస్య వస్తుంది. లారీ వెనుక కింది భాగంలో ఉండాల్సిన అడ్డుకమ్మీ ఊడిపోయో వంగిపోయో ఉంటే, కారు ముందు భాగం నేరుగా లారీ కిందికి దూరిపోతుంది. దెబ్బను మింగడానికి కారు ముందు భాగంలో పెట్టిన నిర్మాణానికి నలిగే అవకాశమే రాదు, లారీ అంచు నేరుగా అద్దం మీదికి వస్తుంది. ఎక్కువ స్టార్లున్న కారు కూడా ఇలాంటి ప్రమాదానికి పరీక్ష రాసి రాలేదు.

డివైడర్, చెట్టు, కల్వర్టు గోడల దగ్గర కూడా అంతే. కదలని గట్టి వస్తువును ఢీకొంటే చిన్న కారు వేగమూ సున్నాకే వస్తుంది, పెద్ద బండి వేగమూ సున్నాకే వస్తుంది. పైగా బరువైన బండి తన శక్తినంతా తానే మింగుకోవాలి. అప్పుడు కాపాడేది క్యాబిన్ నలగకుండా నిలబడటం, బెల్టు, ఎయిర్‌బ్యాగ్.

ఇంకో సంగతి. అదే ఐఐహెచ్‌ఎస్ 2025లో అమెరికా ప్రమాదాలపై వెల్లడించిన విశ్లేషణ ప్రకారం, సగటు కంటే తేలికైన వాహనాలకు బరువు పెరిగితే లోపలివాళ్లకు మేలు కనిపిస్తుంది. సగటును దాటాక పెరిగే ప్రతి కిలో లోపలివాళ్లకు ఇచ్చే అదనపు రక్షణ చాలా తక్కువ, ఎదుటివాళ్లకు తెచ్చే ముప్పు మాత్రం ఎక్కువ. అమెరికా సగటు వాహనం మన సగటు వాహనం కంటే చాలా బరువైనది కాబట్టి ఆ అంకెలను ఇక్కడికి తెచ్చుకోలేం. దిశ మాత్రం అదే. బాగా తేలికైన కారు నుంచి మధ్యతరహా కారుకు మారితే లాభం ఉంది. మధ్యతరహా నుంచి రెండు టన్నుల బండికి మారితే ఆ మేరకు లాభం రాదు.

‘రేకు’ వాదన ఎక్కడ పుట్టింది, ఇప్పుడు ఎక్కడుంది

చిన్న కార్లకు చెడ్డపేరు ఊరికే రాలేదు. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశంలో అమ్మే ఐదు చిన్న కార్లను పరీక్షించింది: ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. ఎయిర్‌బ్యాగులు లేని ఆ మోడళ్లలో పెద్దల రక్షణకు అన్నింటికీ సున్నా స్టార్లే వచ్చాయి. చాలామంది మనసులో చిన్న కారు బొమ్మ అక్కడే ఆగిపోయింది.

కానీ 2016లో అదే పరీక్షకు వెళ్లిన ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకూ సున్నానే వచ్చింది. ఎత్తు ఉంది, బరువు ఉంది, చాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) మీద కట్టిన బండి. ఫలితం మాత్రం ఆల్టో పక్కనే. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ ఐదు స్టార్లతో లెక్క మార్చింది. 2021లో నాలుగు మీటర్ల లోపు పొడవున్న టాటా పంచ్ రెండే ఎయిర్‌బ్యాగులతో ఐదు స్టార్లు తెచ్చుకుంది. 2024 సంగతి ఇంకా ఆసక్తికరం. ఏప్రిల్‌లో చాసిస్ మీద కట్టిన ఏడు సీట్ల బొలెరో నియోకు గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఒక్క స్టార్ వచ్చింది. నవంబరులో, రేకు పల్చనని మనవాళ్లు ఎప్పుడూ ఆడిపోసుకునే మారుతి నుంచే వచ్చిన కొత్త డిజైర్‌కు ఐదు స్టార్లు వచ్చాయి. దాని బరువు టన్నుకు అటూఇటూ.

పెద్ద బండ్లన్నీ ఇలాగే ఉంటాయని కాదు. 2022లో స్కార్పియో ఎన్‌కు ఐదు స్టార్లు వచ్చాయి. 2023 డిసెంబరులో భారత్ ఎన్‌క్యాప్ తొలి ఫలితాల్లో హ్యారియర్, సఫారీలకూ ఐదే. గట్టి క్యాబిన్ చిన్నదానిలోనూ ఉండవచ్చు, పెద్దదానిలో లేకపోవచ్చు. దాన్ని తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడుతోనో, బానెట్ మీద వేలితో తట్టో తెలుసుకోలేం. షోరూముల్లో తలుపులు ధడేల్‌మని వేసి తృప్తిగా తల ఊపే మావయ్యలు ఎప్పటికీ ఉంటారు. ఆ చప్పుడు తలుపు రబ్బరు గురించి, తాళం బిగింపు గురించి చెబుతుంది, అంతే.

ప్రమాదం ఫొటోలను చదవడంలోనూ ఒక పొరపాటు జరుగుతుంటుంది. ‘కారు ముందు భాగం నుజ్జునుజ్జు’ అనే వార్త చూడగానే బండి పనికిరానిదని తేల్చేస్తారు. ముందు భాగం నలగడానికే ఉంది. ఎంత నలిగితే అంత దెబ్బ అక్కడే ఖర్చవుతుంది. చూడాల్సింది అద్దం పక్కనున్న స్తంభం వంగిందా, తలుపు తెరుచుకునే స్థితిలో ఉందా, డ్రైవర్ కాళ్ల దగ్గర స్థలం మిగిలిందా అనేవి. ఇదే ఐఐహెచ్‌ఎస్ 2009లో మరో పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను 2009 మాలిబుతో ఎదురెదురుగా ఢీకొట్టించింది. మందపాటి రేకుతో ఓడలా ఉండే ఆ పాత కారు క్యాబిన్ లోపలికి కుప్పకూలింది. కొత్త కారులో డ్రైవర్ బదులు కూర్చోబెట్టిన బొమ్మకు కాలి దగ్గర చిన్న దెబ్బతో సరిపోయింది.

ఎత్తు తెచ్చే చిక్కులు

ఎత్తైన బండిలో కూర్చుంటే రోడ్డు దూరం వరకు కనిపిస్తుంది, ధైర్యంగా ఉంటుంది. ఆ ధైర్యమే కాస్త ప్రమాదం. కన్ను రోడ్డుకు దూరమయ్యేకొద్దీ వేగం తక్కువగా ఉన్నట్టు అనిపిస్తుంది. మంచి సౌండ్‌ప్రూఫింగ్ తోడైతే 110 కూడా 80 లాగే ఉంటుంది. బ్రేకులకు మాత్రం ఆ భ్రమ ఉండదు. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో, స్పందించడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, 80లో వెళ్తున్న కారు సుమారు 58 మీటర్లలో ఆగుతుంది. అదే చోట 100లో బ్రేకు వేసిన కారు, మొదటిది పూర్తిగా ఆగిన చోటుకు వచ్చేసరికి ఇంకా దాదాపు 68 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. చిన్న కారును 80లో నడిపేవారికీ, పెద్ద బండిని 100లో నడిపేవారికీ మధ్య తేడా ఇది. ఇక్కడ బండి పరిమాణం సంగతి పక్కకు పోతుంది.

రెండోది, బోల్తా పడటం. గరిమనాభి పైకి జరిగేకొద్దీ, గేదె అడ్డొచ్చిందని ఒక్కసారిగా స్టీరింగ్ తిప్పినప్పుడు బండి పక్కకు ఒరిగే అవకాశం పెరుగుతుంది. పైన క్యారియర్ వేసి దానిమీద పెళ్లి సామానంతా కట్టారంటే ఇంకా ఎక్కువ. శ్రీశైలం ఘాట్ లాంటి చోట ఇది అనుభవంలోకి వస్తుంది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అంటే ఈఎస్‌సీ ఇక్కడే పనికొస్తుంది. బండి జారబోతున్నప్పుడు కావలసిన చక్రానికి మాత్రమే బ్రేకు వేసి దారిలో నిలబెడుతుంది. ఒంటరిగా అదుపు తప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాల ముప్పును ఇది సుమారు సగానికి తగ్గిస్తుందని అమెరికా అనుభవం. ఎత్తైన బండి కొంటూ ఈఎస్‌సీ లేని బేస్ వేరియంట్‌తో సరిపెట్టుకోవడం నాకు అర్థం కాని పొదుపు.

మూడోది మన గురించి కాదు, బయట ఉన్నవాళ్ల గురించి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారు, 19.5 శాతం పాదచారులు. మన రోడ్ల మీద కారును ఢీకొనేది చాలాసార్లు మరో కారు కాదు, ఒక మనిషి. బానెట్ ముందు అంచు సుమారు మీటరు కంటే ఎత్తుగా ఉన్న వాహనాలు పాదచారుల్ని ఢీకొన్నప్పుడు, 75 సెంటీమీటర్ల లోపు ఎత్తున్న వాటితో పోలిస్తే మరణం సంభవించే అవకాశం 45 శాతం ఎక్కువని ఐఐహెచ్‌ఎస్ 2023లో తేల్చింది. కాలనీ గల్లీలో బండి ముందు నిలబడ్డ చిన్నపిల్లవాడు ఎత్తైన బానెట్ వెనుక నుంచి కనిపించడు కూడా. ఇక ముందు ఇనుప గార్డులు బిగించేవారికి ఒక మాట. కేంద్రం 2017 డిసెంబరులోనే అవి చట్టవిరుద్ధమని చెప్పింది. బయటివారికి హాని సరే, ఎయిర్‌బ్యాగ్ సరిగా తెరుచుకోకుండా చేసి లోపలివారికీ హాని చేస్తాయి.

పెద్ద బండిలో బెల్టు ఎందుకు అనుకునేవారికి

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రమాదానికి గురైనప్పుడు ప్రయాణిస్తున్నది మెర్సిడెస్ జీఎల్‌సీ. ముందు సీట్లలో ఉన్న ఇద్దరూ తీవ్రగాయాలతో బతికారు. వెనుక సీట్లో బెల్టు లేకుండా ఉన్న ఇద్దరూ మరణించారు. మన దగ్గర 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో నందమూరి హరికృష్ణ ప్రమాదానికి గురైనప్పుడు నడుపుతున్నది ఫార్చ్యూనర్. ఈ రెండు బండ్లనూ ఎవరూ చిన్నవి అనరు. 2022లో బెల్టు పెట్టుకోకపోవడం వల్ల చనిపోయినవారు దేశంలో 16,715 మంది, అందులో దాదాపు సగం మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. బెల్టు పెట్టుకుని వెనుక సీట్లో కూర్చున్న మనిషికి ఐదు స్టార్ల చిన్న కారు, బెల్టు లేకుండా కూర్చున్న మనిషికి ఏ ఎస్‌యూవీ కూడా ఇవ్వలేని రక్షణ ఇస్తుంది.

ఎవరికి ఏది

నగరంలోనే తిరిగేవారు, నెలకోసారి ఊరెళ్లేవారు: నాలుగైదు స్టార్లున్న చిన్న కారు చాలు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పెద్ద బండి ఇచ్చే అదనపు రక్షణ దాదాపు సున్నా, ఇరుకు సందుల్లో అది తెచ్చే తలనొప్పి మాత్రం నిజం. మిగిలిన డబ్బుతో అదే కారులో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ ఉన్న వేరియంట్ తీసుకోండి.

ప్రతి వారం హైదరాబాద్ నుంచి విజయవాడకో కర్నూలుకో తిరిగేవారు: ఇక్కడ బరువుకు కొంత విలువ ఇస్తాను. 1,200 నుంచి 1,400 కిలోల మధ్య ఉండే, ఐదు స్టార్లున్న మధ్యతరహా కారు లేదా కాంపాక్ట్ ఎస్‌యూవీ సరైన చోటు. అంతకంటే పైకి వెళ్తే రక్షణ కంటే హోదాకే ఎక్కువ చెల్లిస్తున్నట్టు. పన్ను కూడా గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీలోపు పెట్రోలు లేదా 1,500 సీసీలోపు డీజిల్ ఇంజిన్ ఉన్న కార్లకు 18 శాతం జీఎస్టీ, వాటిని మించితే 40 శాతం. ఆ గీత దాటడానికి అయ్యే డబ్బుతో గీత ఇవతల టాప్ వేరియంట్ వస్తుంది.

ఎస్‌యూవీ అనే పేరు చూసి మోసపోకండి. ఫ్రాంక్స్ బలేనో పునాది మీద, ఎక్స్‌టర్ గ్రాండ్ ఐ10 నియోస్ పునాది మీద కట్టినవే. చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్, పైన రూఫ్ రెయిల్స్ పెట్టినంత మాత్రాన బరువు రాదు. బరువు కోసమే కొంటుంటే, కంపెనీ ఇచ్చే వివరాల్లో కర్బ్ వెయిట్ (మనుషులు, సామాను లేకుండా బండి బరువు) అనే అంకె చూడండి.

ఇంట్లో ఏడుగురున్నవారు: ఏడు సీట్ల బండి తప్పదు, కానీ మూడో వరుస గురించి ఆలోచించి కూర్చోండి. పరీక్షలో బొమ్మల్ని కూర్చోబెట్టేది ముందు సీట్లలో, రెండో వరుసలో. ఆఖరి వరుసలో తలకూ వెనుక అద్దానికీ మధ్య జానెడు చోటు కూడా ఉండని బండ్లున్నాయి. పిల్లల్ని అలవాటుగా అక్కడికే తోసేస్తాం. వాళ్లను చైల్డ్ సీటుతో రెండో వరుసలో ఉంచి, మూడో వరుసకు బెల్టు పెట్టుకునే పెద్దవాళ్లు వెళ్లడం మేలు. పక్క అద్దాల మీదుగా తెరలా తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ మూడో వరుస దాకా వస్తుందో లేదో కొనేముందే అడగాలి.

ఎనిమిది లక్షలకు కొత్త చిన్న కారా, పాత పెద్ద బండా అని తేల్చుకోలేనివారు: నా ఓటు కొత్త చిన్న కారుకే. ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ తప్పనిసరి అయిందే 2022లో. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019లో. పదేళ్ల కిందటి పెద్ద బండిలో ఈ రెండూ లేకపోవచ్చు, ఈఎస్‌సీ ఉండటం ఇంకా అరుదు. చాసిస్ తుప్పు, అరిగిన సస్పెన్షన్ అదనం.

అయినా పాతదే కొంటానంటే రెండు పనులు చేయండి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. టైరు మీది గాడులు లోతుగానే ఉన్నా, ఆరేళ్లు దాటితే మార్చేయండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి డ్యాష్‌బోర్డు చూడండి. ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి. ఒకసారి తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్‌ను మార్చకుండా, దీపం తీగ కత్తిరించి అమ్మేసి ఉండవచ్చు. అలాంటి బండి ధర ఎంత తగ్గించినా బేరం ఆడకండి, పక్క బండి చూడండి.